గోవిందరాజస్వామి గుడి దగ్గర పాత మిద్దె ఇంట్లో మూడు రాత్రులు

తిరుపతిలో బస అనగానే రైల్వేస్టేషను ఎదుట విష్ణునివాసమో, బస్టాండు ఎదుట శ్రీనివాసమో, వాటి చుట్టుపక్కల లాడ్జీలో గుర్తుకొస్తాయి. దర్శనం టికెట్టు చేతిలో ఉన్నవారికి వేడినీళ్లు, సామాను పెట్టుకునే చోటు, నాలుగు గంటలు నడుం వాల్చడానికి మంచం ఉంటే చాలు. ఈసారి మాకు మూడు రాత్రుల తీరిక దొరికింది కాబట్టి, గోవిందరాజస్వామి గుడికి నడిచి వెళ్లేంత దూరంలో, పాతకాలపు మిద్దె ఇంటిని బాగుచేసి హోటలుగా మార్చిన చోట దిగాము. ఒక్కో గదిని ఒక్కో విషయం మీద అలంకరించారు. అద్దె అదే వీధిలోని ఏసీ లాడ్జి గదికి రెండింతలకు పైగానే ఉంది. ఆ అదనపు డబ్బుకు దక్కిందేమిటో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మొదట ఇంటి సంగతి. వీధి అరుగు దాటి లోపలికి వెళితే నడుమ ఆకాశం కనిపించే మండువా, చుట్టూ రాతి స్తంభాల వసారా, వసారా మీదికి తెరుచుకునే గదులు. పైకప్పు మద్రాసు మిద్దె. అంటే టేకు దూలాల మీద సన్నటి ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరుసల్లో సున్నంతో పేర్చి, పైన ఇటుకజల్లీ సున్నమూ కలిపి దిమ్మిస కొట్టిన కప్పు. మే నెల మధ్యాహ్నం బయట వీధి మండిపోతున్నా వసారాలో ఫ్యాను అవసరం లేకపోయింది. "మా నాయన కట్టించిన మిద్దె కింద కూడా ఇట్లే చల్లగా ఉండేది రా" అంటూ అమ్మ మొదటి పూటంతా స్తంభానికి ఆనుకుని అక్కడే కూర్చుంది.

అమ్మకు పెరటి వైపున్న కలంకారీ గది ఇప్పించాము. తలవైపు గోడకు శ్రీకాళహస్తి పనితనం గల నిలువెత్తు గుడ్డ ఒకటి వేలాడుతోంది. కరక్కాయ పొడి కలిపిన పాలలో నానబెట్టి ఎండబెట్టిన నూలు గుడ్డ మీద, ఉన్ని చుట్టిన వెదురు కలంతో, అచ్చులు వాడకుండా చేతితోనే గీసే పద్ధతి అది. ఇనుప తుక్కును బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టి తీసిన ద్రవం కరక్కాయ పట్టిన గుడ్డను తాకితే నల్లబడుతుంది. పాలలోని జిడ్డు ఆ రంగును పక్కలకు పాకనివ్వదు. దగ్గరికి వెళ్లి చూస్తే సీతమ్మ పమిట అంచు గీత ఒకచోట లావుగా మొదలై, కలంలో రంగు తగ్గేకొద్దీ సన్నబడి, మళ్లీ ముంచిన చోట చిక్కగా లేచింది. చేతిపని అనడానికి అంతకంటే సాక్ష్యం అక్కరలేదు. మంచం మీద పరిచిన గుడ్డ మాత్రం అచ్చు వేసినది. మూరకొక చిలుక, ప్రతి చిలుకకూ ముక్కు దగ్గర అదే వంకర. అడిగితే మేనేజరు గారు దాచకుండా ఒప్పుకుని, రోజూ ఉతకవలసిన దుప్పటికి చేతిపని గుడ్డ ఆగదన్నారు. ఆ మాట న్యాయమే.

ఈ గదికి సున్నపు పూత మళ్లీ సున్నంతోనే వేయించారు. మేస్త్రీలు ఆ సున్నంలో కరక్కాయ, బెల్లం ఊరబెట్టిన నీళ్లు కలిపారని మేనేజరు గారు చెప్పినప్పుడు నాకు నిజంగా ఆనందం కలిగింది. గోడ మీది బొమ్మకూ ఆ గోడకూ దినుసులు అవే కావడంతో, ఆ అలంకారం బయటి నుంచి తెచ్చిపెట్టినట్టు లేదు.

మేము దిగిన చంద్రగిరి గది విషయంలో ఈ మాట చెప్పలేను. ప్లైవుడ్డు కమానులు, బంగారు రంగు రేకులు, దూలాలను పూర్తిగా కప్పేసిన జిప్సం కప్పు. పదిహేను కిలోమీటర్ల లోపు దూరంలో ఉన్న చంద్రగిరి కోటలోని రాజమహల్ మూడు అంతస్తులనూ కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టారు. దాని పేరు పెట్టుకున్న గదిని చెక్కతో నింపడం, ఆ చెక్క వెనుక అసలైన ఇటుక కప్పును దాచడం నాకు బాధ కలిగించింది. పైగా ఈ గోడలకు ప్లాస్టిక్ పెయింటు వేశారు. సున్నపు గోడ పీల్చుకున్న తేమ బయటికి పోయే దారి లేక మంచం వెనుక పెయింటు పొక్కులు లేచింది. ఏసీ ఆపితే ముక్కిన వాసన. మరునాడు రాజమహల్ చూసి వచ్చాక ఈ లోపం మరింత కొట్టొచ్చినట్టు కనిపించింది. కోటలోని మ్యూజియానికి శుక్రవారం సెలవు కాబట్టి రోజు చూసుకుని వెళ్లాలి.

అన్నమయ్య గది తలుపు తీసి ఉంటే చూశాము. 1922లో తిరుమలలో వెలుగు చూసిన రాగిరేకులను తలపించేలా కీర్తనలు చెక్కిన రేకులు గోడకు బిగించారు. ఊహ మంచిదే. చదవడానికి చాలినంత దీపమే లేదు.

సేవల విషయంలో పెద్ద ఫిర్యాదు ఒకటుంది. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కాలని తెల్లవారుజామున మూడింటికి వేడినీళ్లు కావాలని ముందే చెప్పాము. ఆ సమయానికి కుళాయిలో చన్నీళ్లే వచ్చాయి. కావలి పెద్దాయన "సామీ, గీజరు స్విచ్చు లోపలి గదిలో ఉండాది, తాళం నా కాడ లేదు" అని నొచ్చుకుని, వంటింట్లో రెండు బిందెలు కాచి తెచ్చారు. తప్పు ఆయనది కాదు. యాత్రికుల ఊళ్లో హోటలు నడుపుతూ రాత్రి తాళం ఎవరి దగ్గర ఉండాలో తేల్చుకోని యాజమాన్యానిది. అమ్మను బస్సులో కొండకు పంపి మేము నడక మొదలుపెట్టేసరికి గంట ఆలస్యమైంది. ఉదయం ఫలహారం బాగుంది. రెండో రోజు మధ్యాహ్నం అడిగి చేయించుకున్న రాగి సంగటి, వేరుశనగ ఊరుబిండి ఇంకా బాగున్నాయి. కారు వీధి మొదట్లోనే ఆపాలి, సామాను మోయడానికి మనిషిని పంపుతారు.

దర్శనం చేసుకుని ఆ రాత్రే రైలెక్కేవారికి దేవస్థానం వసతే మేలు, ఇంత అద్దె పెట్టవలసిన పని లేదు. రెండు మూడు రోజులు ఉండి, మధ్యాహ్నాలు వసారాలో గడపగలిగే వారికి ఈ ఇల్లు తగినది. మేము మళ్లీ వెళితే పెరటి వైపు గదే అడుగుతాము. గీజరు తాళం కావలి పెద్దాయన చేతికి వచ్చిందో లేదో రాత్రే కనుక్కుని పడుకుంటాము.