ఈ-మైగ్రేట్‌లో ‘యాక్టివ్’ అని కనబడితే సరిపోదు: కొన్నేళ్ళ వాడకం తర్వాత

పాకాల, చంద్రగిరి, పీలేరు వైపు నుంచి కువైట్‌కు ఇంటిపనికి పోయే ఆడవాళ్ళ కాగితాలు చూడాల్సి వస్తే, నేను ముందు తెరిచేది ఈ-మైగ్రేట్‌లో (విదేశీ పనులకు పోయేవాళ్ళ కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే సైటు) ఏజెంటు లైసెన్సు వెతికే పేజీనే. లాగిన్ అక్కర్లేదు, ఫోన్లోనే అయిపోతుంది. ఈ ఒక్క సౌకర్యం కోసమే ఆ సైటు మీద నాకు ఇంత ఇష్టం.

వెతికేటప్పుడు ఏజెన్సీ పేరు కొట్టకండి. ఒకే పోలిక పేర్లు నాలుగైదు వస్తాయి. రిజిస్ట్రేషన్ నంబరే కొట్టాలి. సబ్ ఏజెంటు (ఏజెన్సీ పేరు చెప్పి మనుషుల్ని కుదిర్చే మధ్యవర్తి) ఇచ్చే జిరాక్సులో ఆ నంబరు చివర ఉండే ఏడాది అంకెలు చాలాసార్లు మసకగా ఉంటాయి. అలా ఉంటే ఒరిజినల్ ఫొటో అడగండి. స్టేటస్, గడువు తేదీ, చిరునామా మూడూ సరిచూడాలి. లైసెన్సు ముంబయిదై, మనిషి తిరుపతి బస్టాండు దగ్గర గదిలో కూర్చుని ఉంటే, ఇక్కడ బ్రాంచి ఉన్నట్టు ఆ వివరాల్లో కనబడాలి. లేకపోతే అతను సబ్ ఏజెంటే. 1983 ఎమిగ్రేషన్ చట్టం రిజిస్టరైన ఏజెంటునే గుర్తిస్తుంది, సబ్ ఏజెంటుకు అందులో చోటు లేదు.

మొదట్లో ఇంతవరకు చూసి, యాక్టివ్ అని వస్తే పర్వాలేదని చెప్పేవాణ్ణి. ఇప్పుడు చెప్పను.

ఎందుకంటే నంబరు నిజమే, గడువు ఉంది, చిరునామా సరిపోయింది, అయినా ఆ ఏజెన్సీకి ఆమెను పంపే హక్కు ఉండకపోవచ్చు. పాస్‌పోర్టులో ‘ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్’ అని ఉన్న ఆడవాళ్ళను, అంటే పదో తరగతి పాసవని వాళ్ళను, గల్ఫ్‌తో కలిపి 18 దేశాలకు పనికి పంపడం 2016 ఆగస్టు నుంచి ప్రభుత్వ ఏజెన్సీల పని. మన ఆంధ్రకు అది ఓంక్యాప్ అనే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ. ఇంటిపనికైతే 30 ఏళ్ళు నిండాలి కూడా. లైసెన్సు పేజీలో ఈ సంగతి ఎక్కడా కనబడదు. మగవాళ్ళను కంపెనీ పనులకు పంపే ఏజెన్సీ కూడా అక్కడ యాక్టివే. సబ్ ఏజెంటు సరిగ్గా ఆ తెరనే చూపించి “చూసుకోక్కా, గవర్నమెంటు సైట్లోనే ఉంది” అంటాడు. అబద్ధమూ కాదు, అందుకే నమ్ముతారు.

ఆ ఏజెన్సీ పేరు మీద ఆమెకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ (పనికి పోవడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి) రాదు కాబట్టి దారి మారుస్తారు. దుబాయికో మస్కట్‌కో విజిట్ వీసా, రానుపోను టికెట్టు, చెన్నైలో విమానం. పర్యాటకులకు క్లియరెన్స్ అడగరు. అలా పోయిన మనిషి కాంట్రాక్టు పోర్టల్లో ఉండదు. క్లియరెన్స్‌తో పాటు వచ్చే ప్రవాసీ భారతీయ బీమా (రెండేళ్ళకు ప్రీమియం 275 రూపాయలు, కవరేజి పది లక్షలు) కూడా ఉండదు. అక్కడ కఫీల్ (వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని) “డబ్బు కట్టి తెచ్చుకున్నాం” అంటే, చూపించడానికి ఆమె చేతిలో కాగితం ముక్క ఉండదు.

అందుకే ఇప్పుడు నేను ముందు పాస్‌పోర్టు చూస్తాను, లైసెన్సు తర్వాత. వీసా కాపీలో ‘విజిట్’ అని కనబడితే అక్కడితో ఆపేయమంటాను. డబ్బు విషయానికొస్తే రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగ్గ సర్వీసు ఛార్జీ 30 వేలు, 18 శాతం జీఎస్టీ కలిపి 35,400. అది కూడా బ్యాంకులోనే కట్టి రసీదు తీసుకోవాలి.

కాంట్రాక్టులో జీతం అంకె దినార్లలో ఉండాలి. కువైట్‌లో ఇంటిపనివాళ్ళకు ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం కనీసం నెలకు 60 దినార్లు, 2015 నాటి 68వ చట్టం ప్రకారం రోజుకు 12 గంటలకు మించని పని, వారానికో సెలవు. ఆమె ఒప్పుకోకుండా యజమాని ఆమె పాస్‌పోర్టును తన దగ్గర పెట్టుకోకూడదు. కాంట్రాక్టు, వీసా, కఫీల్ ఫోను నంబరు ఫొటోలు ఇంట్లోవాళ్ళ ఫోన్లో కూడా ఉంచండి. రేపు మదద్‌లో (విదేశాల్లో ఇబ్బంది పడే భారతీయుల కోసం విదేశాంగ శాఖ ఫిర్యాదుల సైటు) ఫిర్యాదు పెట్టాల్సి వస్తే పాస్‌పోర్టు నంబరుతో పాటు అవే పనికొస్తాయి.

2024 అక్టోబరులో ఈ-మైగ్రేట్‌కు కొత్త వెర్షన్, మొబైల్ యాప్ వచ్చాయి. ఫోన్లో చూసేవాళ్ళకు అది మేలే.

నా వాడకం ఎక్కువగా పదో తరగతి లేని, కువైట్ ఇంటిపనికి పోయే ఆడవాళ్ళ కోసం. వాళ్ళ విషయంలో ఈ పేజీ ‘వద్దు’ అని చెప్పడానికి బాగా పనికొస్తుంది, ‘పో’ అని చెప్పడానికి కాదు. కంపెనీ పనికి పోయే మగవాళ్ళకైతే దీన్ని ఇంకాస్త ఎక్కువే నమ్మొచ్చు. పది పాసైన ఆడవాళ్ళకు క్లియరెన్సే అక్కర్లేదు కాబట్టి వాళ్ళ కాంట్రాక్టును ఇక్కడ ఎవరూ అడగరు. వాళ్ళ కాగితాలు మాత్రం నేను ఇప్పటికీ ఒక్కొక్కటీ చేత్తో పట్టుకునే చూస్తున్నాను.