ఒక్క దారంతో కుట్టే చేతి మిషన్: నాలుగు నెలలు వాడాక

నాన్న దారం కొస పట్టుకుని లాగాడు. బస్తా మూతి విప్పినట్టు సర్రుమంది. నేను గంటన్నర కూర్చుని కుట్టిన దిండు గలేబు ముందు ముక్క ఒకటి, వెనక ముక్క ఒకటిగా విడిపోయి ఆయన ఒళ్లో పడింది.

"బాగుంది తల్లీ. కుట్లు విప్పే పని ఉండదు," అన్నాడు.

ఆయన ముప్పై ఏళ్లు టైలరింగ్ చేసి, చూపు మందగించి మానేశాడు. ఆయన ముందు ఈ వస్తువు పెట్టడమే నా పొరపాటు.

స్టాప్లర్ లాగా చేతిలో ఇమిడిపోయే చిన్న కుట్టు మిషన్ ఇది. గోడ గడియారంలో వేసే సైజు సెల్స్ నాలుగు పడతాయి. ఇదే ఆకారం రకరకాల పేర్లతో దొరుకుతోంది కాబట్టి కంపెనీ పేరు చెప్పను. బీరువా అడుగున కాలర్లు చీకిపోయిన చొక్కాలు మూడు, మోకాళ్లు చిరిగిన జీన్స్ రెండు, మధ్యలో పల్చబడ్డ డబుల్ దుప్పటి ఒకటి, లెక్కలేనన్ని టీషర్టులు పోగుపడ్డాయి. వాటితో గలేబులు, మసిగుడ్డలు, ఒక అతుకుల బొంత చేద్దామని కొన్నాను. ప్రకటన వీడియోలో ఒకావిడ నవ్వుతూ జీన్స్ కాలు కుట్టేస్తుంది. నాకు ఆ నవ్వు ఒక్కసారి కూడా రాలేదు.

గలేబు ఎందుకు ఊడిందో నాన్నే చెప్పాడు. పెద్ద మిషన్‌లో పైన ఒక దారం, కింద బాబిన్‌లో ఇంకో దారం ఉంటాయి. రెండూ గుడ్డ మధ్యలో మెలిక పడి ఆగుతాయి. ఇందులో ఉన్నది ఒకటే దారం. కింద చిన్న కొక్కెం దాన్ని ఉచ్చులా పట్టుకుంటుంది, తర్వాతి ఉచ్చు దాంట్లోంచి దూరుతుంది. అదే గొలుసు కుట్టు. చివరి ఉచ్చుకి ముడి లేకపోతే మొత్తం వరస వచ్చేస్తుంది. నేనేమో చుట్టూ ఒకే వరసగా కుట్టుకుంటూ వెళ్లి, చివర దారం కత్తిరించి ఊరుకున్నాను. సూది పైకి తిప్పి, దారాన్ని జానెడు లాగి కత్తిరించి, ఆ కొసను చివరి ఉచ్చులోంచి తీసి ముడి వేయాలట. మిషన్‌తో వచ్చిన కాగితంలో ఈ మాట చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది.

గొలుసు కుట్టంటేనే చెడ్డదని కాదు. చాలా జీన్స్‌ల నడుం పట్టీ మీద ఉండేది అదే, కాకపోతే రెండు దారాలతో వేస్తారు. అసలు ఫ్రాన్స్‌లో తిమోనియే అనే టైలర్ 1830లో పేటెంట్ తీసుకున్న కుట్టు మిషన్ కూడా ఒక్క దారం గొలుసు కుట్టుదే. సైనికుల దుస్తులు కుట్టేవాళ్లు దాంతో. తమ పని పోతుందని మిగతా టైలర్లు 1831లో ఆ మిషన్లన్నీ విరగ్గొట్టారు. రెండు దారాల మిషన్‌కి అమెరికాలో ఎలియాస్ హౌ పేటెంట్ 1846లో వచ్చింది. ఇదంతా చదివి వినిపిస్తే నాన్న, "పాపం, వాళ్లు కూడా కొస లాగి చూసుంటారు," అన్నాడు.

జీన్స్ సంగతి. మోకాలు పోయినా పిక్కల వెనక గుడ్డ కొత్తదానిలా ఉంటుంది, మసిగుడ్డలకి అదే వాడాను. మిషన్ ఒక పొర మీద బాగానే నడిచింది, రెండు పొరల మీద మూలిగింది. లోపలి కాలి జాయింటు దగ్గర అంచులు ఒకదాన్నొకటి చుట్టుకుని నాలుగు పొరలవుతాయి కదా, అక్కడ సూది వంగిపోయింది. మధ్యలో పాత తువ్వాలు ముక్క పెట్టి కుట్టాలన్న ఆశ అక్కడితో సరి. మసిగుడ్డలు చివరికి చేత్తోనే కుట్టాను. లోపల పెట్టేది అచ్చంగా నూలుదే అయి ఉండాలి. పాలిస్టర్ అయితే వేడికి కరిగి అంటుకుంటుంది. అనుమానముంటే ఒక పోగు లాగి కాల్చి చూడండి. నూలు కాగితం కాలిన వాసనతో బూడిదవుతుంది, పాలిస్టర్ గట్టి పూసలా ముద్దకడుతుంది.

టీషర్టు గుడ్డ సాగిపోయి, కుట్టంతా అలలు అలలుగా వచ్చింది. దానికి మిషనే అక్కర్లేదు లెండి. చంకల కింద నుంచి అడుగు అంచు దాకా అడ్డంగా రెండేసి సెంటీమీటర్ల పట్టీలు కోసి లాగితే, అంచులు చుట్టుకుని తాడులా తయారవుతుంది. మూడు తాళ్లు జడలా అల్లి, చుట్ట చుట్టి, చేతి సూదితో కలిపితే కాళ్లు తుడుచుకునే పట్టా.

దుప్పటి నాకు ఎక్కువ నేర్పింది. వెలుతురుకి ఎత్తి చూస్తే మధ్య భాగం జల్లెడలా ఉంది, పరుపు కింద దోపే అంచులు మాత్రం గట్టిగా ఉన్నాయి. ఆ అంచుల్లోంచే రెండు గలేబులు వచ్చాయి. చొక్కాలతో చేసే గలేబుకైతే, వీపుతో ఒక వైపు, గుండీలున్న ముందు భాగంతో ఇంకో వైపు కోసుకుంటే కాజాలు కుట్టే పనీ జిప్పు వేసే పనీ ఉండదు. ఇలాంటి పల్చటి నూలు మీద మిషన్ చక్కగా నడుస్తుంది. కానీ కుట్టు పొడవు మార్చే వీల్లేదు, కుట్లు మరీ దగ్గరగా పడతాయి. అరిగిన గుడ్డకి అవి స్టాంపుల కాగితం చిల్లుల్లాంటివి, ఆ గీత వెంటే చిరుగుతుంది. ఒక గలేబు మూడో ఉతుకులో అలాగే పోయింది.

ఇంకో సంగతి. స్టాప్లర్ కాగితం మధ్యలో పిన్ను కొట్టలేనట్టే, ఇదీ గుడ్డ అంచు నుంచి రెండు వేళ్ల దూరం దాకానే వెళ్తుంది. కాబట్టి బొంత పొరలు కలపడానికి పనికిరాదు.

అయిదుకి రెండు నక్షత్రాలు. ఇల్లంతటికీ ఇదొక్కటే కుట్టు మిషన్ అనుకునేవాళ్లు కొనకండి. ఆ రెండు నక్షత్రాలైనా నాన్న వల్ల వచ్చినవే. ఊడిపోయే కుట్టుకి కూడా పని ఉంటుందని ఆయనే చూపించాడు. బొంతకి ముక్కలన్నీ ముందు ఈ మిషన్‌తో కచ్చా కుట్టు వేసి జత చేస్తున్నాం. నేలమీద పరిచి చూసి, చొక్కా గళ్ల పక్కన జీన్స్ నీలం నప్పలేదనిపిస్తే కొస లాగితే చాలు, క్షణంలో విడిపోతుంది. నచ్చిన వరసని నేను చేత్తో గట్టిగా కుట్టి, తర్వాత కచ్చా కుట్టు లాగేస్తాను.

ఇప్పటికి పదకొండు వరసలయ్యాయి. కచ్చా కుట్టు మొత్తం నాన్నదే. వేలితో అంచు తడుముకుంటూ వేసేస్తాడు, చూపుతో పని లేదంటాడు. సూదిలో దారం మాత్రం నేనే ఎక్కించాలి. నిన్న మధ్యాహ్నం మిషన్ నెమ్మదించిందని గడియారంలో సెల్స్ పీకి దీంట్లో వేసుకున్నాడు.