ఫోస్టర్ కేర్ సేవ: దరఖాస్తు సులువు, పరీక్ష ఇంట్లోనే

ఫోస్టర్ కేర్ అంటే సొంతవాళ్ల అండ లేని బిడ్డను కొంతకాలం మన ఇంట్లో పెంచడం. దత్తత వ్యవహారాలు చూసే కేంద్ర సంస్థ కారా (CARA) పోర్టల్‌లో దరఖాస్తు చేయడం తేలికే. 2024 మార్గదర్శకాలతో 35-60 ఏళ్ల ఒంటరివాళ్లకూ అవకాశం వచ్చింది, ఇది చాలా మంచి మార్పు. ఒంటరి పురుషుడికి మాత్రం మగపిల్లలనే ఇస్తారు. దంపతులకు కనీసం రెండేళ్ల స్థిరమైన కాపురం ఉండాలి.

చాలామంది పసిబిడ్డ కోసం వచ్చి నిరాశపడతారు. ఇచ్చేది ఆరేళ్లు దాటిన పిల్లలను. రెండేళ్లు పెంచాక దత్తతకు అడగొచ్చు.

జిల్లా బాలల పరిరక్షణ విభాగం ఇంటికొచ్చి చూస్తుంది, బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వు ఇస్తుంది. మీ ఇంట్లోని తాతయ్య, నాయనమ్మలతో ముందే మాట్లాడండి. వాళ్లకు ఇష్టం లేకపోతే నలిగిపోయేది బిడ్డే. కేంద్రం నడిపే పిల్లల సంరక్షణ పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల సాయం ఉంది, దాన్నే నమ్ముకుని దిగకండి.

కొత్తలో కొందరు పిల్లలు దిండు కింద బిస్కెట్లు దాస్తారు. తిట్టొద్దు, చేతికందేచోట తిండి డబ్బా పెట్టండి.