కాగితపు ఊళ్లు, తుప్పు ఇంజన్లు: మెయిన్ అడవుల్లో నాలుగు రోజులు

అడవి మధ్యలో రెండు ఆవిరి ఇంజన్లు నిలబడి ఉన్న ఫోటో ఒకటి నాలుగేళ్లుగా నా ఫోనులో ఉంది. వాటి ముందూ వెనకా దారి లేదు. చెట్లు బాయిలరును ఆనుకుని పెరిగిపోయాయి. అమెరికా ఈశాన్య మూలన ఉన్న మెయిన్ రాష్ట్రంలో, కాగితం మిల్లుల కోసం వేసి వదిలేసిన రైలు మార్గం తాలూకు ఇంజన్లు అవి. సెప్టెంబరు చివరి వారంలో నేనూ మా బావమరిదీ బోస్టన్‌లో కారు అద్దెకు తీసుకుని బయలుదేరాం. వాడికి సరస్సులు, రంగు మారే ఆకులు కావాలి. నాకు మూతపడిన మిల్లులు కావాలి. ఒకే కారులో రెండు యాత్రలన్నమాట.

మూతపడినవి చూసేముందు నడుస్తున్నది ఒకటి చూడాలని మొదట రమ్‌ఫర్డ్ వెళ్లాం. ఆండ్రోస్కాగిన్ నది ఇక్కడ జలపాతమై దూకుతుంది. హ్యూ చిషోమ్ అనే ఆయన ఆ నీటి బలాన్ని చూసి, ముందు పోర్ట్‌లాండ్ వైపు నుంచి రైలు మార్గం తెచ్చుకుని, ఆ తర్వాత మిల్లు కట్టాడు. 1901 నాటి ఆ మిల్లు చేతులు మారుతూ ఇప్పటికీ నడుస్తోంది. ఊరి నడిబొడ్డున పొగగొట్టాల నుంచి తెల్లటి ఆవిరి లేస్తుంటే పక్కనే పిల్లలు బడికి వెళుతున్నారు. కర్రను గంధకపు రసాయనాల్లో ఉడికించే మిల్లు దగ్గర కుళ్లిన క్యాబేజీ వాసన వస్తుంది. మిల్లు ఊళ్లలో దాన్ని డబ్బు వాసన అనేవారు. మా వాడు మాత్రం కారు అద్దం దించలేదు. జలపాతం చూడడానికి గంట చాలు. రాత్రి ఉండాల్సినంత విషయం నాకు కనిపించలేదు.

అక్కడికి అరగంట పైచిలుకు దూరంలో జే అనే ఊరు. 2020 ఏప్రిల్‌లో అక్కడి మిల్లులో కర్ర ఉడికించే పెద్ద పాత్ర పేలిపోయింది. ఆకాశమంతా తడి గుజ్జు లేచి పడినా ఎవరి ప్రాణం పోలేదు. మిల్లు మాత్రం పూర్తిగా కోలుకోలేక 2023లో మూతపడింది. గేటు బయట ఆగి చూసి వచ్చేశాం. ఖాళీ పార్కింగు స్థలాన్ని చూడడానికి పది నిమిషాలు కూడా ఎక్కువే.

ఆ రాత్రి బ్యాంగోర్‌లో, విమానాశ్రయం దగ్గర, ఊరూరా శాఖలున్న ఒక హోటల్లో దిగాం. శుభ్రమైన గది, నిశ్శబ్దం, పొద్దున్నే దొరికే కాఫీ. ఫిర్యాదేమీ లేదు, గుర్తుంచుకోవలసిందీ లేదు. బ్యాంగోర్‌లో ఉండి రోజూ ఉత్తరానికి వెళ్లి రావచ్చని చాలామంది సలహా ఇస్తారు. వినకండి. మిల్లినాకెట్ ఇక్కడికి 70 మైళ్లు. అక్కడి నుంచి అడవిలోకి వెళ్లే దారులు మైళ్లలో కాదు, గంటల్లో లెక్కపెట్టాలి.

దారిలో బ్రాడ్లీ దగ్గరి అటవీ, కలప మ్యూజియం మాత్రం వదలకండి. లెనార్డ్స్ మిల్స్ అంటే అందరూ చెబుతారు. అక్కడ లాంబార్డ్ ఆవిరి బండి ఉంది. ముందు భాగం మంచు మీద జారే స్లెడ్జి, వెనక భాగం యుద్ధ ట్యాంకుకు ఉండేలాంటి గొలుసు చక్రం, మధ్యలో రైలింజను బాయిలరు. మెయిన్‌కే చెందిన ఆల్విన్ లాంబార్డ్ 1901లో పేటెంటు తీసుకున్న యంత్రం ఇది. పట్టాలు వేయలేని చోట మంచు దారి మీద దుంగలు లాగడానికి చేశాడు. స్టీరింగు మనిషి కూర్చునే చోటు బాయిలరుకు ముందు, బండి కొసన, పూర్తిగా బయట. వెనక దుంగల బరువు తోస్తుండగా బ్రేకులు లేని బండిని వాలు మీద దించడం ఎలా ఉండేదో ఆ చెక్క బల్ల మీద చెయ్యి పెట్టి ఊహించుకోవచ్చు. దాన్ని రాజేసి నడిపేది కొన్ని ప్రత్యేక దినాల్లోనే. మాకు ఆ అదృష్టం లేదు. తేదీలు చూసుకుని వెళ్లండి.

మిల్లినాకెట్ చేరేటప్పటికి మధ్యాహ్నం. హైవే మీద మెడ్వే దగ్గర దిగి లోపలికి వెళితే ముందు ఈస్ట్ మిల్లినాకెట్ వస్తుంది. 1907లో మొదలై 2014లో ఆగిన మిల్లు స్థలం రోడ్డు పక్కనే ఉంది. చాలా భాగం పడగొట్టేశారు. ఇంకొంచెం ముందుకు వెళితే మిల్లినాకెట్. రైలు ఇక్కడికి 1894లోనే వచ్చింది, బ్యాంగోర్ అండ్ అరూస్టుక్ కంపెనీ హోల్టన్ వైపు వేసుకున్న మార్గంలో భాగంగా. అప్పటికి ఇక్కడ ఊరే లేదు. రైలూ నదీ కలిసిన చోటు కాబట్టి గ్రేట్ నార్తర్న్ అనే కాగితపు కంపెనీ మిల్లు పెట్టింది. 1900లో కాగితం రావడం మొదలైంది. ఇటలీ నుంచి వచ్చిన కూలీలు రాళ్లు పేర్చారు. అడవిలో అంత త్వరగా ఊరు లేచింది కాబట్టి దీనికి మాయానగరం అని పేరు పడింది. 1970లో ఇక్కడి జనాభా 7,700 పైచిలుకు, 2020లో 4,114.

మేము దిగినది ప్రధాన వీధికి కాస్త దూరంగా ఉన్న పాత మోటెల్. రాత్రికి 115 డాలర్లు. మంచాలు బాగున్నాయి, వేడినీళ్లు వచ్చాయి, వైఫై రాత్రి తొమ్మిది దాటాక మెల్లగా చచ్చిపోయేది. గోడలు ఎంత పలచనంటే పక్క గదిలో దిగిన హైకర్ తన బూట్ల పట్టీలు విప్పడం కూడా వినిపించింది. అయినా మళ్లీ వెళితే అక్కడే దిగుతాను. కారణం ఆఫీసు గది తలుపు. అది మూసుకుపోకుండా కింద ఒక గుండ్రటి చెక్క బిళ్ల పెట్టారు, అరచేతి మందాన, అంచులు నల్లబడి. ఏమిటని అడిగితే యజమానురాలు చేతికిచ్చింది. న్యూస్‌ప్రింట్, అంటే వార్తాపత్రికల కాగితం, చుట్ట మధ్యలో ఉండే అట్ట గొట్టం నలిగిపోకుండా రెండు కొసలా బిగించే బిరడా అట. ఆమె భర్త మిల్లులో చుట్టలు కట్టే విభాగంలో పనిచేశాడు. ఆ ఊళ్లో సగం ఇళ్ల తలుపులు వీటితోనే నిలబడతాయని చెప్పింది.

ఆ చుట్టలే రైలుకు బతుకు. మిల్లులోకి బంకమట్టి, గంజిపిండి, రసాయనాలు, ఇంధనం వచ్చేవి. మిల్లులోంచి కాగితం పోయేది. కాగితం ఎక్కించే వ్యాగను లోపల మేకు మొన తేలి ఉన్నా, పైకప్పు చెమ్మగిల్లినా మిల్లు వాళ్లు తిప్పి పంపేవారు, చుట్ట చిరిగితే ప్రెస్సులో కాగితం తెగుతుంది కనుక. అలాంటి వ్యాగన్లను పోషించిన రైలు కంపెనీకి మెయిన్ ఉత్తరాన ఉన్న అరూస్టుక్ ప్రాంతపు బంగాళాదుంపలు ఇంకో దన్ను. 1970 ప్రాంతంలో ఆ సరుకు లారీలకు పోయాక కాగితమే మిగిలింది.

కాగితం ఎందుకు పోయిందంటే జనం పత్రికలు చదవడం తగ్గిందని చటుక్కున అనేస్తాం. అది నిజమే కానీ సగమే. ఈ మిల్లుకు సొంత ఆనకట్టలు ఉండేవి, చవక కరెంటు ఉండేది. 2000ల తొలి ఏళ్లలో ఆనకట్టలను మిల్లు నుంచి విడదీసి అమ్మారు. 2003లో కంపెనీ దివాలా తీసింది. కొత్త యజమాని కింద మిల్లినాకెట్ మిల్లు చమురు కాల్చి ఆవిరి చేసుకునేది. 2008లో చమురు ధర ఆకాశాన్ని అంటడంతో దాన్ని ఆపేశారు. మరో వైపు చెట్టు త్వరగా పెరిగే వెచ్చని ప్రాంతాల్లో కొత్త, పెద్ద యంత్రాలు వచ్చాయి. 2017 జనవరిలో ఆ మిల్లు స్థలం ఒక స్థానిక సంస్థ చేతికి ఒక్క డాలరుకు వచ్చింది. పాత కార్యాలయ భవనం ఇంకా నిలబడి ఉంది. కంచె బయట నుంచి చూడవచ్చు. లోపలికి వెళ్లాలని ప్రయత్నించకండి.

రైలు కథ ఇంకా చేదు. బ్యాంగోర్ అండ్ అరూస్టుక్ దివాలా తీశాక 2003లో మాంట్రియల్, మెయిన్ అండ్ అట్లాంటిక్ అనే కంపెనీ ఆ మార్గాలు కొన్నది. మిల్లులు ఆగాక ఉత్తరాన 233 మైళ్లు వదిలేస్తామంది. 2010లో రాష్ట్ర ప్రభుత్వం దాదాపు 2 కోట్ల డాలర్ల ఖర్చుతో వాటిని తీసుకుని వేరేవాళ్లకు నడపనిచ్చింది. కాగితం సరుకు తగ్గిన కంపెనీ ముడిచమురు రవాణా వైపు మళ్లింది. 2013 జులై 6న కెనడా క్యూబెక్‌లోని లాక్ మెగాంటిక్ పట్టణం మీదకు దొర్లిన చమురు రైలు వాళ్లదే. దానికి ఉన్నది ఒక్క డ్రైవరే, అతనూ రాత్రికి బ్రేకులు వేసి హోటలుకు వెళ్లిపోయాడు. 47 మంది చనిపోయారు. ఆ వేసవిలోనే కంపెనీ దివాలా తీసింది. ఈ ఊరి పట్టాల పక్కన నిలబడితే నాకు గుర్తొచ్చింది మిల్లు కాదు, ఆ రాత్రి.

మూడో రోజే అసలు పని. మా అద్దెకారులో స్టెప్నీ లేదని, గాలి కొట్టే చిన్న డబ్బా మాత్రమే ఉందని ముందు రోజు సాయంత్రం తెలిసింది. పైగా మట్టి రోడ్డు మీద నడిపితే బీమా వర్తించదని ఒప్పందంలో చిన్న అక్షరాల్లో ఉంది. అద్దెకిచ్చినవాళ్లకు ఫోను చేస్తే ఆ ఒప్పందాన్నే మళ్లీ చదివి వినిపించారు. చేసేది లేక లైసెన్సు ఉన్న గైడును, అతని పికప్ బండిని ఒక రోజుకు మాట్లాడుకున్నాం. ఇద్దరికీ కలిపి 350 డాలర్లు. ఈ యాత్రలో నేను పెట్టిన ఖర్చుల్లో ఒక్క పైసా కూడా వృథా కానిది అదే.

గోల్డెన్ రోడ్ అనే ఆ దారిని మిల్లు కంపెనీయే వేసుకుంది. 1971 దాకా దుంగలు పెనాబ్‌స్కాట్ నది పడమటి పాయలో తేలుతూ వచ్చేవి. నది మానేశాక లారీల కోసం క్యూబెక్ సరిహద్దు దాకా 96 మైళ్ల సొంత రోడ్డు. దీని మీద దుంగల లారీలదే హక్కు. దూరంగా దుమ్ము కనిపించగానే గైడు బండి పక్కకు తీసి ఆపేసేవాడు. ఏబల్ వంతెన దగ్గర కటాడిన్ కొండ పూర్తిగా కనబడుతుంది. మా బావమరిది యాత్ర అక్కడ నెరవేరింది. ఫోను సిగ్నలు మాత్రం ఊరు దాటిన కాసేపటికే పోయింది. అడవి చెక్‌పోస్టులో రుసుము కట్టడానికి నగదు దగ్గర ఉంచుకోండి.

గంటల ప్రయాణం తర్వాత కాలిబాట. నేల తడిగా, వేళ్లతో నిండి ఉంటుంది. మొదట కనిపించేవి వ్యాగన్లు. కుళ్లిన చెక్క, తుప్పు ఇనుము, మధ్యలోంచి నిటారుగా పెరిగిన చెట్లు. ఆ తర్వాత ఒక్కసారిగా రెండు ఇంజన్లు, పక్కపక్కనే.

"బావా, ఇంత బరువు ఇక్కడిదాకా ఎలా వచ్చింది?" అన్నాడు మా వాడు. వచ్చే దారిలో ముప్పావు గంట నిద్రపోయిన మనిషి.

గైడు చెప్పింది విన్నాక ఆ చోటు వేరుగా కనిపించింది. ఈగిల్ సరస్సు నీళ్లు ఉత్తరానికి పోతాయి. మిల్లు ఉన్నది దక్షిణాన. నీటి వాలు సరిపోదు కాబట్టి కర్రను గట్టు దాటించాలి. 1900ల ఆరంభంలో తీగ గొలుసు మీద దుంగలు లాగే ట్రామ్‌వే వేశారు, దాదాపు 3,000 అడుగులు. దాని ఉక్కు తీగ ఇప్పటికీ ఆకుల కింద కాలికి తగులుతుంది. 1926, 27లో ఎడ్వర్డ్ లాక్రువా అనే క్యూబెక్ కలప దొర 13 మైళ్ల రైలు మార్గం వేశాడు, ఈగిల్ సరస్సు నుంచి అంబజూక్సస్ సరస్సు దాకా. అక్కడి నుంచి కర్ర నీళ్ల మీద మిల్లుకు వెళుతుంది. బయటి రైలు వ్యవస్థతో దానికి సంబంధమే లేదు. 1897, 1901 నాటి పాత ఇంజన్లు కొని, చలికాలంలో మంచు మీదుగా లాక్కొచ్చారు. అడవి అంటుకోకుండా చమురుతో నడిచేలా మార్చారు. 1933లో పని ఆగింది. ఇంజన్లను షెడ్డులో పెట్టి వెళ్లిపోయారు. షెడ్డు 1969లో కాలిపోయింది. పక్కకు ఒరిగిన ఇంజన్లను 1990లలో స్వచ్ఛంద సేవకులు నిలబెట్టారు.

నన్ను ఆపేసిన అంకె 1933. అప్పటికి మిల్లు వయసు ముప్పై మూడేళ్లు, ఇంకా డెబ్బై అయిదేళ్లు నడవనున్న మిల్లు అది. అంటే ఈ ఇంజన్లు కాగితం పతనానికి గుర్తులు కావు. 1930ల ఆర్థిక మాంద్యంలో, మోసుకెళ్లే ఖర్చు ధర కన్నా ఎక్కువని లెక్క తేల్చి వదిలేసినవి. మిల్లుకు ఒక్క డాలరు ధర పలికిన లెక్కా ఇదే. 1 నంబరు ఇంజను చక్రం మీద చెయ్యి పెట్టాను. తుప్పు పొరలు పొరలుగా, తడి బిస్కెట్టులా వేలికి అంటుకుంది. కింద నాచులో పెద్ద బోల్టు ఒకటి పడి ఉంది. తీయబోతే గైడు వద్దన్నాడు. తీసుకెళ్లినవాళ్ల వల్లే సగం పోయిందట.

చివరి రోజు బక్స్‌పోర్ట్. పక్కనే ఉన్న పెనాబ్‌స్కాట్ నారోస్ వంతెన స్తంభంలో 420 అడుగుల ఎత్తున చూడ్డానికి గది ఉంది, లిఫ్టులో ఎక్కవచ్చు. టికెట్టు డబ్బుకు తగిన దృశ్యం. కింద నది ఒడ్డున 1930లో మొదలై 2014 డిసెంబరులో మూసిన మిల్లు స్థలం చదునుగా కనిపిస్తుంది. మిల్లును కొన్నది తుక్కు ఇనుము వ్యాపారం చేసే కంపెనీ. ఊరు మాత్రం మిల్లినాకెట్ అంత దిగాలుగా లేదు. సముద్రం దగ్గర, అకాడియా జాతీయ ఉద్యానవనానికి వెళ్లేవాళ్ల దారిలో ఉంది, ఒడ్డు వెంట నడవడానికి బాట వేసుకుంది. గదులు ఖరీదు, తిండి మెరుగు.

మీకు రెండే రోజులుంటే రమ్‌ఫర్డ్, జే వదిలేయండి. బ్రాడ్లీలో ఓ పూట, మిల్లినాకెట్‌లో రెండు రాత్రులు, ఇంజన్లకు ఒక పూర్తి రోజు. మే, జూన్ నెలల్లో నల్ల ఈగలు కుట్టి చంపుతాయి, సెప్టెంబరే మేలు. శాకాహారులైతే మిల్లినాకెట్ కిరాణాలోనే రొట్టె, జున్ను, పళ్లు కొనుక్కోండి, అడవిలో ఏమీ దొరకదు. కారు అద్దెకు తీసుకునేటప్పుడు డిక్కీ తెరిపించి స్టెప్నీ కళ్లతో చూసుకోండి. మోటెల్ ఖాళీ చేసేటప్పుడు యజమానురాలు గ్యారేజీలోకి వెళ్లి ఇంకో చెక్క బిరడా తెచ్చి మా వాడికి ఇచ్చింది. ఇప్పుడు వాడి గది తలుపు దాని మీదే ఆగుతోంది.