బుకానన్ మేలా, వాట్ మేలా?

స్కాట్లాండ్ లైట్‌వెయిట్ (135 పౌండ్ల లోపు) బాక్సర్ల మాట ఎత్తితే చాలు, ఈ ప్రశ్న తప్పదు. జవాబుగా చాలామంది 1973 జనవరి పోరును చూపిస్తారు: గ్లాస్గోలో బ్రిటిష్ టైటిల్ కోసం 15 రౌండ్లు, జడ్జీలిచ్చిన పాయింట్ల మీద కెన్ బుకానన్ గెలుపు. అంతటితో తేలిపోదు. అప్పటికి జిమ్ వాట్‌కు 24 ఏళ్లే. అతను ప్రపంచ చాంపియన్ అయింది మరో ఆరేళ్లకు, మేనేజర్ టెరీ లాలెస్ దగ్గర చేరాక.

ఇద్దరితోనూ తలపడ్డ చార్లీ నాష్‌ను కొలబద్దగా పెట్టేవాళ్లూ ఉన్నారు. 1979 డిసెంబరులో బుకానన్ నాష్ చేతిలో పాయింట్ల మీద ఓడాడు. మూడు నెలలకే వాట్ అదే నాష్‌ను నాలుగో రౌండ్లో ముగించాడు. అయితే ఓడేనాటికి బుకానన్‌కు 34 ఏళ్లు. పైగా నాష్‌తో పోరులో మొదటి రౌండ్లో నేలమీద పడ్డది వాటే! ఈ కొలతా పనికిరాదు.

ఇక గుద్దులో బరువు. పోరు మధ్యలోనే ముగించిన గెలుపులు ఇద్దరివీ సరిగ్గా 27. కాకపోతే బుకానన్‌వి 61 గెలుపుల్లో, వాట్‌వి 38 గెలుపుల్లో. ఇక్కడ వాట్‌దే పైచేయి, సందేహం లేదు.

అసలు తూకం వేయాల్సింది పోరు ఎక్కడ జరిగిందన్నది. వాట్ ప్రపంచ టైటిల్ పోరాటాలు ఆరు. గెలిచిన అయిదూ సొంతూరు గ్లాస్గోలోనే: కెల్విన్ హాల్‌లో నాలుగు, ఐబ్రాక్స్ ఫుట్‌బాల్ మైదానంలో ఒకటి. ఊరు దాటి లండన్ వెంబ్లీకి వెళ్లిన ఒక్కసారి, 1981లో, అలెక్సిస్ అర్గెయో టైటిల్ పట్టుకుపోయాడు. బుకానన్‌వి అయిదు: ప్యూర్టో రికోలోని శాన్ హువాన్, లాస్ ఏంజెలెస్, న్యూయార్క్‌లో రెండు, టోక్యో. ఒక్కటీ స్కాట్లాండ్‌లో కాదు. అందులో మూడు గెలిచాడు.

శాన్ హువాన్ పోరు 1970 సెప్టెంబరులో జరిగింది. ఆరుబయట స్టేడియం, 100 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన ఎండ, ఎదురుగా పనామావాడు ఇస్మాయెల్ లగూనా. చలిదేశపు బాక్సర్ అలాంటి చోట 15 రౌండ్లు నిలవాలంటే గుద్దులు పొదుపుగా వాడాలి. బుకానన్ ఎడమ జాబ్‌ను, అంటే ముందుచేత్తో సూటిగా వేసే చురుకైన గుద్దును, ఆగి కొట్టడు, కదులుతూ కొడతాడు. అవతలివాడి లయ చెడుతుంది, తనకు ఊపిరి మిగులుతుంది. స్ప్లిట్ డెసిషన్‌తో, అంటే ముగ్గురు జడ్జీల్లో ఇద్దరి తీర్పుతో, టైటిల్ తెచ్చుకున్నాడు.

మరుసటి ఏడాది న్యూయార్క్‌లో మళ్లీ లగూనాతోనే తలపడ్డాడు. ఎడమ కన్ను వాచి మూసుకుపోసాగింది. ఎడమకాలు ముందుపెట్టి మామూలు స్టాన్స్‌లో నిలబడేవాడికి ఎడమ కన్ను పోతే అవతలివాడి కుడిచేతి దెబ్బ వచ్చేది కనబడదు. రౌండ్ల మధ్య రింగు మూలలో మేనేజర్ ఎడీ థామస్ ఆ వాపును బ్లేడుతో కోసి కన్ను తెరిపించాడు. బుకానన్ మళ్లీ 15 రౌండ్లూ ఆడి గెలిచాడు.

వాట్ గెలుపులు చవకవని కాదు. 1980 జూన్‌లో ఓడించిన హోవర్డ్ డేవిస్ 1976 ఒలింపిక్స్‌లో లైట్‌వెయిట్ బంగారు పతక విజేత. వాట్ సౌత్‌పా, అంటే కుడికాలు ముందుంటుంది. ఎదుటివాడి ఎడమకాలికి బయటివైపు తన కుడిపాదం పడితే ఎడమచేతి సూటి గుద్దుకు దారి తెరుచుకుంటుంది. ఇద్దరి ముందుకాళ్లూ ఒకే చోటికి పోటీపడితే తలలు గుద్దుకుంటాయి. అదే ఏడాది నవంబరులో షాన్ ఓగ్రేడీ నుదురు చిట్లింది అలాగే. 12వ రౌండ్లో గాయం చూసి పోరు ఆపి వాట్‌ను విజేతగా ప్రకటించారు. ఇప్పటి నియమాలైతే, తలలు అనుకోకుండా తగిలాయని రిఫరీ తేల్చి ఉంటే, అప్పటివరకు జడ్జీలు వేసిన స్కోరుకార్డులే చూసేవారు.

ప్రపంచ టైటిళ్లు ఇచ్చే సంస్థలు అప్పట్లో రెండు, డబ్ల్యూబీసీ, డబ్ల్యూబీఏ. వాట్‌కు ఉన్నది డబ్ల్యూబీసీ బెల్టు మాత్రమే. అప్పుడు డబ్ల్యూబీఏ బెల్టు ఎర్నెస్టో ఎస్పానా దగ్గర, ఆపైన హిల్మర్ కెంటీ దగ్గర ఉంది. 1971లో లాస్ ఏంజెలెస్‌లో రూబెన్ నవారోను ఓడించాక బుకానన్ దగ్గర కొంతకాలం రెండూ ఉన్నాయి.

1972లో రోబెర్తో డురాన్ చేతిలో ఓటమిని బుకానన్‌కు మచ్చగా లెక్కేయడం అన్యాయం. 13వ రౌండ్ గంట మోగాక తగిలిన దెబ్బ నడుము కిందే, అంటే నిషిద్ధమైన చోటే, పడింది. అయితే అప్పటికి ముగ్గురు జడ్జీల కార్డుల్లోనూ డురానే ముందున్నాడు. ఫౌల్ లేకపోతే గెలిచేవాడన్న మాటకు ఆధారం లేదు.

మిగతా స్కాట్లాండ్ బాక్సర్లలో రికీ బర్న్స్ మూడు బరువుల్లో చాంపియన్, కానీ ఈ బరువులో టెరెన్స్ క్రాఫర్డ్ ముందు తేలిపోయాడు. డిక్ మెక్‌టాగర్ట్ 1956 ఒలింపిక్ విజేత, ప్రొఫెషనల్ కాలేదు. జోష్ టేలర్ పేరంతా పై తరగతిలో, 140 పౌండ్ల దగ్గర.

నా ఓటు బుకానన్‌కే. వాట్‌ను న్యాయంగా చూడాలంటే మాత్రం డేవిస్ పోరు వీడియో పెట్టుకుని, చేతుల్ని వదిలేసి మొదటి మూడు రౌండ్లు వాట్ కుడిపాదం ఎక్కడ పడుతోందో గమనించండి.