పిల్లికూనకు జలుబు: ఇంట్లో ఆవిరా, డాక్టరా?

వానలు మొదలైన వారంలో మా అపార్ట్‌మెంట్ జనరేటర్ వెనక దొరికిందది. రెండు కళ్లూ పుసి పట్టి అతుక్కుపోయాయి, ముక్కు చుట్టూ పచ్చగా చీమిడి ఎండిపోయింది. వంటింటి కాటా మీద గిన్నె పెట్టి అందులో కూర్చోబెడితే 480 గ్రాములు. "జలుబే కదే, వారంలో అదే పోతుంది" అంది అమ్మ. "ఇప్పుడే డాక్టరు దగ్గరికి పోదాం" అన్నారు మా ఆయన.

ఇద్దరూ తప్పు కాదు. పిల్లుల జలుబు చాలావరకు హెర్పిస్, కాలిసి అనే రెండు వైరస్‌ల పని. డాక్టరిచ్చే యాంటీబయాటిక్ ఆ వైరస్‌ని ఏమీ చేయదు, పైనుంచి చేరే బాక్టీరియాని ఆపుతుందంతే. బాగా తిని తిరిగే పెద్ద పిల్లికి వారం పది రోజుల్లో సర్దుకుంటుంది. కూన సంగతి వేరు. పిల్లి వాసన చూసే తింటుంది. ముక్కు మూసుకుపోతే గిన్నె వైపే చూడదు. అరకిలో లేని ఒంటికి ఒక్క రోజు పస్తు చాలు, షుగరు పడిపోవడానికి.

మేం మొదట అమ్మ మాటే విన్నాం. బాత్రూం తలుపు మూసి, గీజర్ వేడినీళ్లు వదిలి, దాన్ని ఒళ్లో పెట్టుకుని పావుగంట కూర్చునేదాన్ని, రోజుకు మూడుసార్లు. మనకు పట్టినట్టు గిన్నె మీద దుప్పటి కప్పి పట్టకూడదు, కాలుతుంది. నెబ్యులైజర్ మంచిదే, కానీ ఆ చప్పుడుకే మా కూన బీరువా కిందికి దూరింది. డాక్టరు చెబితే తప్ప బాత్రూం ఆవిరే నా ఓటు. పక్కింటి పిన్నిగారు మాత్రం "కాస్త విక్స్ రాయమ్మా" అంటూ డబ్బా పట్టుకొచ్చారు. విక్స్, అమృతాంజనం, జిందా తిలిస్మాత్ ఏదీ వద్దు. వాటిలోని కర్పూరం, నీలగిరి తైలం పిల్లికి పడవు. పారాసిటమాల్ అయితే విషమే, చుక్క కూడా పోయొద్దు.

కళ్ల పుసి లాగకూడదు. గోరువెచ్చని సెలైన్‌లో తడిపిన దూది నిమిషంసేపు ఆనిస్తే దానంతటదే నానుతుంది. ఒక కంటికి వాడిన దూది రెండో కంటికి వద్దు.

సిరంజితో తిండి పట్టడానికి తొందరపడొద్దు. ముక్కు దిబ్బడతో ఉన్నదాని నోట్లో బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన చికెన్ చిదిపి, వెచ్చగా ముక్కు దగ్గర పెట్టాను. నా వేలికి అంటింది నాకింది, అంతే. ఆవుపాలు పోస్తే విరేచనాలు పట్టుకుంటాయి.

మర్నాడు 484. ఆ వయసులో రోజుకు పది గ్రాములైనా పెరగాలి. మూడోరోజు పొద్దున 462. ఇక వాదన లేదు, ఆటో ఎక్కాం. చర్మం కింద సెలైన్ ఎక్కించి, కంటి చుక్కలు, డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ సిరప్ రాశారు. డాక్సీసైక్లిన్ మాత్రగా ఇస్తే వెనకాలే నీళ్లు తాగించాలి, గొంతులో ఆగితే అన్నవాహిక పుండు పడుతుంది.

ఇప్పుడడిగితే, రెండు నెలల లోపుదైతే మొదటి రోజే డాక్టరు అంటాను. మేం చేసిన ఆలస్యం తప్పే. ప్రభుత్వ పశువుల ఆసుపత్రైనా సరే. అంతకన్నా పెద్దదై, తింటూ ఉంటే, కాటా పక్కన పెట్టుకుని రెండురోజులు ఇంట్లో చూడొచ్చు. నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగిసిపడుతున్నా, కన్ను మసకబారినా అర్ధరాత్రయినా ఆగొద్దు. ఇంట్లో వేరే పిల్లి ఉంటే కూనకు గది, గిన్నె విడిగా పెట్టాలి. మనుషులకు ఈ రెండు వైరస్‌లూ అంటవు.

ఇప్పుడది మూడున్నర కిలోలు. మొన్న ఇల్లు మారితే మళ్లీ నాలుగు రోజులు ఎడమ కన్ను కారింది. హెర్పిస్ ఒకసారి చేరితే ఒంట్లోనే దాక్కుంటుందట, బెంగపడ్డప్పుడల్లా బయటపడుతుందన్నారు డాక్టరు. సెలైన్ సీసా, దూది ఇంకా ఫ్రిజ్ పైనే ఉన్నాయి.