ఫైల్‌లో కొంత భాగానికే లాక్: పోసిక్స్ పద్ధతా, ఓఎఫ్‌డీనా?

లినక్స్‌లో తెరిచిన ఫైల్‌లో ఓ 50 బైట్లకే లాక్ వేయాలంటే ఎఫ్‌సీఎన్‌టీఎల్ (fcntl) అనే సిస్టమ్ కాల్‌లో రెండు దారులున్నాయి: పోసిక్స్ (యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ప్రమాణం) లాక్, ఓఎఫ్‌డీ (ఓపెన్ ఫైల్ డిస్క్రిప్షన్) లాక్. రెండూ మర్యాద లాకులే. అడగకుండా రాసే ప్రోగ్రాంని ఏదీ ఆపదు.

పాతదైన పోసిక్స్ లాక్‌కి యజమాని ప్రాసెస్, అంటే నడుస్తున్న ప్రోగ్రాం. చిక్కంతా అక్కడే. అదే ఫైల్‌ని ఏదో లైబ్రరీ మళ్లీ తెరిచి మూసేసిందనుకోండి, ఆ ఫైల్ మీద మీరు వేసిన లాకులన్నీ చెప్పాపెట్టకుండా పోతాయి! పైగా ఒకే ప్రాసెస్‌లో పక్కపక్కనే నడిచే థ్రెడ్లు ఒకదాన్నొకటి ఆపలేవు. ఫైల్ మూస్తే లాకులు పోయే ఈ తంటా తప్పించుకోవడానికే ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ లైబ్రరీ, లాకులు ఉన్నంతసేపూ ఫైల్ మూయడాన్ని వాయిదా వేస్తుంది.

2014లో లినక్స్ 3.15తో వచ్చిన ఓఎఫ్‌డీ లాక్ ప్రాసెస్‌కి కాదు, ఆ ఒక్క ఓపెన్‌కే అంటుకుని ఉంటుంది. థ్రెడ్లు ఒకదాన్నొకటి ఆపాలంటే ఫైల్‌ని విడివిడిగా ఓపెన్ చేసుకుంటే చాలు. డెడ్‌లాక్‌ని (ఒకరి లాక్ కోసం ఒకరు ఎదురుచూస్తూ ఇరుక్కుపోవడాన్ని) మాత్రం కెర్నల్ కనిపెట్టదు. పోసిక్స్‌లో ఆ సాయం ఉంది. అయినా కొత్త కోడ్‌లో నేను ఓఎఫ్‌డీనే వాడతాను. అన్నట్టు, ఓఎఫ్‌డీ లాక్ అడిగేటప్పుడు ఇచ్చే వివరాల్లో ఎల్_పిడ్ (l_pid) అనే గడిలో సున్నా పెట్టడం మర్చిపోకండి, లేకపోతే ఎర్రర్ వస్తుంది.